తీగ మీద రెండో గొంతు

హిందూపురానికీ ధర్మవరానికీ మధ్యనున్న దెయ్యాలన్నీ తన పేరు వింటే దారి తప్పుకుంటాయని వేణుమాధవ్ గొప్పగా చెప్పుకునేవాడు. ఒకరకంగా నిజమే. పొద్దు గూకితే వాడు గదిలో దూరి గడియ వేసుకుంటాడు. గోడ మీద బల్లి పలికితే స్టూలెక్కి కూర్చుంటాడు. ఎదురుపడని మనిషికి దారి వదలడం ఏ దెయ్యానికి కష్టం!

ఆ గది రైలు గేటుది. పెనుకొండ కొండలు వెనకబడి, హిందూపురం ఇంకా రాకముందు, రాళ్ళగుట్టల నడుమ ఒక మట్టిరోడ్డు పట్టాలను దాటుతుంది. అక్కడ వేణుమాధవ్ గేట్‌మ్యాన్. ఒకప్పుడు ఆ దారిన బస్సులు, లారీలు, పెళ్ళి వ్యాన్లు పోయేవట. అటు పక్క కింద వంతెన కట్టాక అన్నీ దానికే మళ్ళాయి. ఈ గేటుకు మిగిలింది అప్పుడప్పుడూ వేరుశనగ కట్టె తోలుకుపోయే ట్రాక్టరు, సాయంత్రం పూట లక్ష్మక్క గొర్రెలు.

వాడు పుట్టి పెరిగింది ధర్మవరంలో, పట్టుచీరలు నేసే ఇంట్లో. నాయన నారాయణస్వామి ఒక మగ్గం గుంటలో, చిన్నాయన ఇంకో గుంటలో, ఆసు పోసేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, మధ్యలో అవ్వ సణుగుడు. ఆ ఇంట్లో రహస్యం చెప్పాలన్నా అరిచే చెప్పాలి. మగ్గం ఆగితే నిద్రలో ఉన్నవాడు ఉలిక్కిపడి లేచేవాడు. అలాంటివాణ్ణి తెచ్చి ఈ గుట్టల మధ్య పడేశారు. మొదటి వారం వాడికి తన చెవులు పోయాయేమోనని అనుమానం వచ్చి, చెవి పక్కన చిటికె వేసి చూసుకున్నాడు. చెవులు బాగానే ఉన్నాయి. వినడానికే ఏమీ లేదు.

తోడు అంటూ ఉన్నది గోడకు బిగించిన ఫోను ఒక్కటే. వాడు వచ్చిన కొత్తలో ఆ తీగ మీద ముగ్గురు. స్టేషన్ మాస్టరు సుధారాణి మేడమ్, పక్క గేటు కుళ్ళాయప్ప, వీడు. ఇంకేం, వాడు తీగ పట్టుకుని పండగ చేసుకున్నాడు. ఎవరి గొంతైనా రెండుసార్లు వింటే చాలు, దింపేస్తాడు. ఒకరోజు అచ్చం మేడమ్ గొంతుతో, "కుళ్ళాయప్పా, పెద్ద సారు తనిఖీకి ట్రాలీ మీద వస్తాండారు. గడ్డం గీసుకున్నావా లేదా?" అన్నాడు. పాపం ముసలాయన నీళ్ళతో కూడా తడపకుండా గీసుకుని, దవడ మీద రెండు చోట్ల కోసుకుని, యూనిఫాం వేసుకుని ఎండలో నిలబడ్డాడు. పెద్ద సారు రాలేదు. ఫోనులో వేణుమాధవ్ నవ్వు వచ్చింది.

"నీ మొగం మండ! అల్లుని వరసవి కాకపోతే ఆడికే వచ్చి తందును" అని కుళ్ళాయప్ప కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక గొంతు మార్చాడు. "ఏమప్పా, ఎగతాళి నాతో ఎంతైనా చెయ్. ఈ తీగతో మాత్రం చెయ్యొద్దు. రెండు బండ్లు గుద్దుకునేది ఎక్కువసార్లు ఇనుము చెడి కాదు, మాట చెడి. దీని మీద మొగం కనపడదు. గొంతే సంతకం."

ఆయన అన్నది ఊరికే కాదు. బండి వదిలే ముందు మేడమ్ గేటుకు ఫోన్ చేయాలి. గేట్‌మ్యాన్ పోయి కమ్ములు దించి, పట్టాల మీద ఎవరూ లేరని చూసి వచ్చి, వేసినానని చెప్పి, దాంతో పాటు తన కాగితంలో వరసగా రాసున్న వాటిలో నుంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పాలి. ఆ నంబరు ఒట్టు లాంటిది. అది వింటేనే మేడమ్ సిగ్నలు పచ్చ చేస్తుంది. దానికి తోడు గేటుకు తాళం ఉంటుంది. గేటు పడి తాళం బిగిస్తే తప్ప సిగ్నలు పచ్చబడదు. మనిషి మాట తప్పినా తాళం తప్పదు. కానీ ఆ కార్తీకంలో పాత మీటలు పీకి కొత్త యంత్రం పెట్టే పని నడుస్తోంది. పని ముగిసేదాకా తాళం లేదు. అంతా మాట మీదే.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ తుంపర పడుతూనే ఉంది. సందెపొద్దుకు కరెంటు పోయింది. గుట్టలు ఒక్కొక్కటే నల్లబడి, చివరికి ఆకాశమేదో గుట్ట ఏదో తెలియకుండా కలిసిపోయాయి. తడిసిన వేరుశనగ కట్టె కుళ్ళు వాసన, పట్టాల గ్రీజు వాసన. ఎక్కడో కప్పలు మొదలుపెట్టి, ఎవరో గదమాయించినట్టు ఒక్కసారిగా ఆపేశాయి. పైన తీగలు సన్నగా మూలుగుతున్నాయి.

గంటల చప్పుడు, ఆ వెనుక తడి బొచ్చు వాసన. లక్ష్మక్క వచ్చింది. మొగుడూ కొడుకూ బెంగళూరులో సెంట్రింగు పనికి పోతే, ఈ గొర్రెలే ఆమె సంసారం. ప్లాస్టిక్ గోనె తల మీద కప్పుకుని, చేతిలో టార్చిలైటు.

"ఏమబ్బా వేణూ, గేటు ఎత్తు. పిల్లలు తడుస్తాండాయి."

మేడమ్ ఫోను ఇంకా రాలేదు, బండికి వ్యవధి ఉంది. వాడు చక్రం తిప్పి కమ్ములు లేపాడు.

"అవునుగానీ, పెండ్లి గిండ్లి కుదిరిందా ఏమి? పొద్దు గూకితే ఫోన్లో ఒకటే నగుతాంటావు. గుట్ట మీదికి వినపడతాండాది."

"పెండ్లి యాడిది అక్కా! కుళ్ళాయప్ప మామతో పరాచికాలు."

"ఆ ముసలోనితో అంత నగేదేముండాది?"

"నువ్వు గొర్రెలతో మాట్లాడితే తప్పులేదు గానీ..."

"నా గొర్రెలు మారుమాట చెప్పవబ్బా. అదే సుఖం" అంటూ ఆమె మందను తోలింది.

ముందరి గొర్రెలు దాటాయి. వెనకవి తడి పట్టాను చూసి బెదిరి, ఒకదాని మీద ఒకటి పడి మధ్యలోనే ఆగిపోయాయి. ఆ తోపులాటలో ఒక పిల్ల కాలు పట్టాకూ దాని పక్కనుండే ఇనుప పట్టీకీ నడుమ సందులో దిగబడింది. అది అరిచింది. అది అరిచేసరికి మంద మొత్తం దాని చుట్టూ గుంపు కట్టింది. ఇంక దొడ్డుకర్ర పుచ్చుకున్నా కదలవు.

వేణుమాధవ్ కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నిదానంగా తియ్యక్కా, లాగితే విరుగుతాది."

అప్పుడు గదిలో ఫోను మోగింది.

ఒక్కసారి. రెండోది సగంలో ఆగింది.

వాడు తల ఎత్తాడు. ఫోను తనంతట తాను సగంలో ఆగదు. ఎవరైనా ఎత్తితేనే ఆగుతుంది.

తలుపు తెరిచే ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లో... ఎవరో మెల్లగా మాట్లాడుతున్నారు.

వాడు లేచాడు. కాళ్ళకు బూట్లు ఉన్నట్టు లేదు, నీళ్ళు నింపిన కుండలు కట్టినట్టుంది. గడప దాకా వెళ్ళాడు. మాట ఆగలేదు. గడప దాటాడు. గదిలో ఎవరూ లేరు. స్టూలు, దాని మీద సగం తాగిన టీ. ఫోను పెట్టిన చోటే పెట్టి ఉంది. మాట దాని లోపల నుంచే వస్తోంది.

రిసీవరు ఎత్తాడు. చల్లగా, చెమ్మగా ఉంది. అప్పుడే ఎవరో పెదవుల దగ్గర పెట్టుకుని తీసినట్టు.

"...వేసినా మేడమ్. రెండు పక్కలా చూసినా. పట్టాల మీద పిట్ట కూడా లేదు. ప్రైవేట్ నంబరు యాభై మూడు."

ఆ గొంతు వాడిదే. ఆ 'పిట్ట కూడా లేదు' అనే మాటా వాడిదే. రోజూ వాడు అనేదే.

"యాభై మూడు. సరే" అంది మేడమ్.

"మేడమ్!" వాడి కేక వాడికే వింతగా వినిపించింది. "మేడమ్, నేను వేణుని! గేటు తెరిచే ఉండాది! లక్ష్మక్క గొర్రెలు పట్టాల మీద ఉండాయి! బండి వదలొద్దండి!"

తీగ మీద కాసేపు గాలి వీచిన చప్పుడు.

"మేడమ్" అంది రెండో గొంతు, నిదానంగా, ఎంతో మర్యాదగా. "ఎవరో నా గొంతు దింపుతాండారు. నమ్మొద్దండి."

ఆ మాట వాడే అనుండాల్సింది. వాడికంటే ముందే అది అనేసింది.

"ఏమయ్యా, ఇది ఆటలాడే సమయమా?" మేడమ్ గొంతులో కోపం కన్నా ఇంకేదో ఉంది. "పచ్చ ఇచ్చేసినా. బండి కదిలింది. కనపడకుండా పోతాండాది."

"ఆట కాదు మేడమ్! మా యమ్మ మీద ఒట్టు!"

"మా యమ్మ మీద ఒట్టు" అంది అదీ. ఏడుపు గొంతుతో. వాడి ఏడుపు గొంతుతో.

మేడమ్ చాలా మెల్లగా అడిగింది.

"మీ నాయన పేరు చెప్పు."

"నారాయణస్వామి."

రెండు గొంతులు. ఒకే క్షణం. మధ్యలో పీల్చిన ఊపిరి కూడా ఒకటే. ఎవరు ఎవరి వెనుక పలికారో వేణుమాధవ్‌కే తెలియలేదు. ఒక్క నిమిషం వాడికి... తాను ఏ గొంతో కూడా తెలియలేదు.

అవతల కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. "నేను వాకీటాకీలో డ్రైవరును ఆపమంటా" అంది మేడమ్. "మీ ఇద్దరిలో కాళ్ళున్నోడు ఎవరో... వాడు పరిగెత్తాల!"

వాడు పరిగెత్తాడు.

కొక్కేనికి వేలాడే ఎర్ర చేతిదీపం, గూట్లోని పటాకుల డబ్బా. ఆ పటాకులు దీపావళివి కావు. రేకు బిళ్ళల్లాంటివి. పట్టా మీద బిగిస్తే, ఇంజన్ చక్రం ఎక్కగానే పేలతాయి. ముందు అపాయం ఉంది ఆపు అని వాటి అర్థం. గొంతు లేని వస్తువు. ఎవరూ దాని మాట దింపలేరు.

"అక్కా, పిల్లను వదిలి పక్కకు పో!" అని అరుస్తూ ఆమెను దాటాడు. ఆమె కదలలేదు. ఆ గొర్రెలు తప్ప ఆమెకు ఇంట్లో పలికేది ఇంకోటి లేదని వాడికి తెలుసు.

కంకర. చీకటి. వాన. ఎర్ర వెలుగు పట్టాల మీద ముందు జారుతోంది, దాని వెనుక వాడు. రొప్పు. తన రొప్పే. కాదు, ఇంకొకరిది కూడానా? వెనుక గదిలో నుంచి నవ్వు వినిపిస్తోంది. గుట్ట మీదికి వినపడేంత నవ్వు. వాడు వెనక్కి చూడలేదు. చూస్తే గడప మీద తానే నిలబడి కనపడతానేమోనని...

మలుపు దగ్గర మోకాళ్ళ మీద పడ్డాడు. ఒక బిళ్ళ బిగించాడు. ఇంకొంచెం ముందుకు పోయి రెండోది. మూడోది వేళ్ళలోంచి జారి కంకరలోకి పోయింది. వెతకడానికి వ్యవధి లేదు. పట్టా అప్పటికే సన్నగా వణుకుతోంది.

గుట్ట రాళ్ళ మీద వెలుగు పడింది. అది తెల్లగా పెరిగింది. వాడు దీపం పైకెత్తి అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. బండి తగ్గడం లేదు. ఎందుకు తగ్గడం లేదు? మేడమ్ చెప్పలేదా?

పక్కకు దూకాడు.

ఢామ్. ఇంకోటి, ఢామ్.

ఆ పైన ఇనుము ఏడ్చిన ఏడుపు. పెట్టెలు ఒకదాని వెనుక ఒకటి వాడిని దాటిపోతున్నాయి. కిటికీల్లో పసుపు వెలుగు, నిద్రలో తూగే తలలు, తల్లి ఒడిలో పిల్ల. కాలిన బ్రేకుల వాసన. దాటిపోతూ, దాటిపోతూ, మెల్లగా... ఆగింది.

వాడు బండి పక్కనే వెనక్కి పరిగెత్తాడు. ఇంజన్ దీపం వెలుగులో మంద మొత్తం తెల్లగా, కళ్ళు మెరుస్తూ నిలబడి ఉంది. లక్ష్మక్క పట్టాల మధ్య కూర్చుని ఉంది, పిల్లను రొమ్ముకు అదుముకుని. లేచి చెయ్యి చాపితే ఇంజనుకు తగులుతుంది. పిల్ల గిట్ట నుంచి రక్తం కారుతోంది. కాలు బయటికి వచ్చింది.

ఆమె వాడిని చూసింది. ఆ తరువాత గేటు గది వైపు చూసింది. మళ్ళీ వాడిని చూసింది.

"నువ్వు... ఆ పక్క నుంచి వస్తాండావా?"

"అవునక్కా. ఏమయింది?"

"మరి గదిలో నుంచి చెప్తాండింది ఎవరబ్బా? 'ఏం కాదక్కా, బండి రాదు, నిదానంగా తియ్యి, ఆడే కూర్చో' అని? ఇంతసేపూ చెప్తానే ఉండాది. నువ్వే మళ్ళా లోపలికి పోయినావనుకుంటి..."

డ్రైవరు దిగి వచ్చాడు. పెద్దమనిషి. లక్ష్మక్కను చూసి, మందను చూసి, అక్కడే కంకర మీద కూలబడ్డాడు.

"మేడమ్ వాకీటాకీలో ఆపమనింది" అన్నాడు. "బ్రేకు మీద చెయ్యి పెట్టినానో లేదో, మళ్ళా మేడమే మాట్లాడింది. గేటు వేసేసినారు, ఏమీ లేదు, నిదానించొద్దు, రాండి అనింది. ఆ బిళ్ళలు పేలకపోతే..."

గదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎవరూ ఎత్తలేదు. చాలాసేపు మోగింది.

మరునాడు పొద్దున సుధారాణి మేడమ్ వాణ్ణి స్టేషనుకు పిలిపించింది. విచారణకు వచ్చేవాళ్ళు ఇంకా దారిలో ఉన్నారు. రాత్రంతా నిద్రపోలేదని ఆమె కళ్ళే చెబుతున్నాయి. గది తలుపు దగ్గరికి వేసి, వాడి ముందు టీ గ్లాసు పెట్టింది.

"డ్రైవరును ఆపమని ఒక్కసారే చెప్పినా వేణూ. రెండోసారి మాట్లాడింది నేను కాదు."

వాడు టీ ముట్టలేదు.

"నేను ముందు కుళ్ళాయప్ప ఆడతాండాడేమో అనుకుంటి. నువ్వు ఏడిపించినందుకు. కానీ ఆయన గేటుకు అడ్డంగా పట్టాలు పాతి మూసేసి నెల దాటింది. ఆయన బదిలీ అయి పెనుకొండలో ఉండాడు. ఆ ఫోను కూడా పీకి తెచ్చి ఇదో, ఈ మూల పెట్టినారు." ఆమె చూపించింది. తీగ తెగిన ఫోను, దుమ్ముతో. "నీకు తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"మరి పొద్దు గూకితే ఫోన్లో నగుతాంటావంట. లక్ష్మక్క చెప్పింది. ఎవరితో?"

వాడు చేతులు మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు. ఎప్పుడూ ఎవరో ఒకరి గొంతు దింపే మనిషి, తన గొంతు కోసం తడుముకున్నాడు.

"కుళ్ళాయప్ప మామ బదిలీ మీద పోయిన కొన్నాళ్ళకు ఒకనాటి సాయంత్రం మోగింది మేడమ్. ఎత్తితే మాట లేదు. ఊపిరి ఉండాది. నేను 'హలో' అంటే, కాసేపటికి అదీ 'లో' అనింది. చంటిపిల్ల మాదిరి. నాకు నగు వచ్చింది. మళ్ళా చెప్పినా. మళ్ళా అనింది. మరుసటి దినం ఇంకో మాట నేర్పినా. తప్పు పలికితే దిద్దినా. మా నాయన పేరు, మా అవ్వ తిట్లు, మగ్గం చప్పుడు... నా గొంతు మాదిరి పలకడం ఎట్లనో కూడా నేనే చూపించినా. అది సరిగ్గా పలికిన దినం నాకెంత సంబరమయిందో!"

"నంబర్లు?"

"ఆట మాదిరి అడిగేది. కాగితం చూసి చెప్పేవాణ్ణి."

"అది ఏమిటో, ఎవరో అని ఒక్కసారైనా అడగాలనిపించలేదా?"

"అడిగితే పెట్టేస్తుందేమోనని భయం వేసింది మేడమ్." వాడు తల దించుకునే ఉన్నాడు. "సాయంత్రమయితే నన్ను పేరు పెట్టి పిలిచేది. వేణూ, అన్నం తిన్నావా, చలిగా ఉండాదా అని అడిగేది. ఆ గేటు కాడ నన్ను అడిగేవాళ్ళు ఇంకెవరుండారు?"

బయట గూడ్సు బండి ఒకటి పోయింది. మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"సరే. నీ గొంతు నువ్వు నేర్పితివి, నేర్చుకునింది" అంది మేడమ్. "నిన్న డ్రైవరు విన్నది నీ గొంతు కాదు కదయ్యా. నా గొంతు."

వేణుమాధవ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు మెల్లగా మెడ దాకా దిగింది. గోడ వైపు చూశాడు, నేల వైపు చూశాడు, ఆమె వైపు తప్ప అన్ని వైపులా చూశాడు.

"నా గొంతు తరువాత నేర్పింది మేడమ్. ముందు నేర్పింది మీదే" అన్నాడు. "అన్నం తిన్నావా అని అడిగేది కూడా... మీ గొంతుతోనే."